కాలేయములోని తెల్లమచ్చ

"గడ్డ" యను మాటకు మన యిండ్లలో నొక్కటే యర్థము. వినినంతనే పొయ్యిమీది యన్నము మాట మరతుము. కాని గడ్డలన్నియు నొక జాతివి కావు.

మా వదినగారికి క్రిందటి యేడు పిత్తాశయములో రాళ్లున్నవేమో యని అల్ట్రాసౌండు పరీక్ష చేయించితిమి. రాళ్లు లేవు. కాని కాలేయమునందు 3 సెంటీమీటర్ల తెల్లమచ్చ యున్నదని వ్రాసి యిచ్చిరి. ఆ రాత్రియే యామె యే నగ యే కూతురికో నాతో జెప్పి యుంచిరి.

ఆ మచ్చకు హెమాంజియోమా యని పేరు. రక్తనాళములు గుంపుగూడి యేర్పడిన ముద్ద యది. కాలేయమున బుట్టు నిరపాయకరములైన గడ్డలలో నిదియే మిక్కిలి సాధారణము, స్త్రీలలో నెక్కువ. క్యాన్సరుగా మారదు. లోపల నాళముల గోడలు పెక్కులుండుటచే శబ్దతరంగములు వానికి దగిలి మరలివచ్చును. అందుచే అల్ట్రాసౌండున తెల్లగా, అంచులు స్పష్టముగా గనబడును. కొవ్వుపట్టిన కాలేయమున నదియే నల్లగా దోపవచ్చును. తెల్లనివన్నియు నిదియే యనుటకును వీలులేదు. పూర్వము క్యాన్సరు గాని కాలేయవ్యాధి గాని యున్నవారి విషయమున వైద్యులు మఱింత జాగరూకులగుదురు. రెండవ పరీక్ష కోరిన వైద్యుని ధనాశాపరుడనుట న్యాయము కాదు.

నాకు మిక్కిలి వింతగా దోచినది సీ.టీ. పరీక్ష. చేతి నరములోనికి, చిత్రమునందు తెల్లగా గనబడు నొక ద్రవము నెక్కించి, వెంటవెంట చిత్రములు తీయుదురు. మొదట మచ్చ యంచున నక్కడక్కడ వెలుగు చుక్కలు పొడచూపును, నడుమ చీకటియే. నిమిషములు గడచినకొలది నా వెలుగు, వెలుపలి గీత గీచి లోపల రంగు నింపుకొనివచ్చు ముగ్గువలె, మెల్లగా నడిమికి జేరును. నెత్తురచట నిదానముగా సంచరించుటయే కారణము. మిక్కిలి చిన్నవి యొక్కసారిగా నిండును. పెద్దవాని నడుమ నిండకయే యుండవచ్చును. ఎం.ఆర్.ఐ. యందు, నీటిని తెల్లగా జూపు చిత్రములలో, నిది విద్యుద్దీపమువలె వెలుగును. మా వదినగారి మచ్చ యంచునుండియే నిండినది.

"సూదితో ముక్క తీసి చూడరాదా?" యని యామె యడిగిరి. నెత్తురు కారు భయము కలదనియు, చిత్రములే స్పష్టముగా జెప్పుచుండగా సాధారణముగా నట్లు చేయరనియు వైద్యురాలు బదులిచ్చిరి. బాధ లేనిచో మందును శస్త్రచికిత్సయు నక్కరలేదట. చిత్రములను మాత్రము పారవేయక దాచి, మఱి యెప్పుడైన పరీక్ష చేయించినచో వెంట దీసికొని పోవలెనట. పాతవానితో పోల్చి చూచినగాని మచ్చ పెరిగినదో లేదో తెలియదు గదా!