టోపీ దించొద్దని అన్న రోజు

పోస్టు కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి.

పోయిన ఎండాకాలం సెలవుల్లో మేము నలుగురం గోలేటి దగ్గర ఒక షార్ట్ ఫిల్మ్ తీసినం. ఓపెన్‌కాస్ట్ మట్టిగుట్ట ముందు గుస్సాడీ వేషం, డ్రోన్ షాట్, వెనుక డీజే. రెండు రోజుల్లో షూటింగ్ ఖతం. లైకులు బాగానే వచ్చినయ్, మాకు పొగరూ ఎక్కింది.

ఊళ్లో తాతకు చూపిస్తే సగంలోనే ఫోన్ తిరిగిచ్చిండు. "దండారి లేని దినాల్లో టోపీ ఎందుకు దించిన్రు బిడ్డా?" అన్నడు. తిట్టలేదు. తిట్టినా బాగుండు.

నెమలీకల టోపీ మనకు దేవుడు. దీపావళి దినాల్లో పూజ చేసి బయటికి తీస్తరు. దండారి అయ్యేదాకా గుస్సాడీలు స్నానం చెయ్యరు. ఇవి చిన్నప్పటి నుంచి మాకు తెలుసు. అయినా కెమెరా పట్టంగనే, బయటోళ్లు మనల్ని ఎట్ల చూపిస్తరో అట్లనే తీసినం. మన గురించి మనమే కాపీ కొట్టినం!

అప్పటి నుంచి ఒకటే ఆలోచన: చుట్టేసేటోనికి, నిజమైన డైరెక్టరుకు తేడా ఏంది? మనోడైతే చాలు అనుకుంటే, మేము మనోళ్లమే గదా. 'మా భూమి' తీసిన గౌతమ్ ఘోష్ బెంగాలీ. ఐనా ఆ సినిమాలో తెలంగాణ పల్లె కనబడుతది. బి. నర్సింగరావు 'దాసి' (1988) ఒక గడీలోని దాసి బతుకును పట్టుకుని మొత్తం దొరతనాన్ని చూపిస్తది. డ్రోన్లు లేవు, పైసల్లేవు. అల్లాణి శ్రీధర్ 'కొమరం భీం' 1990లో తయారై, 2010లో గానీ థియేటరుకు రాలేదు. 2022లో 'ఆర్ఆర్ఆర్' భీం పేరును ప్రపంచానికి వినిపించింది. కానీ అది కల్పిత కథ. జోడేఘాట్‌లో 1940లో నేలకొరిగిన భీం కథ ఇంకా మన దగ్గరే ఉన్నది.

మాకు సమజైంది ఇంతే. చుట్టేసేటోడు "ఏది నడుస్తది?" అని అడుగుతడు. డైరెక్టరు "ఇది ఎందుకు చూపియ్యాలె?" అని తననే అడుక్కుంటడు.

వీడియో తీసేసినం. మళ్ల తాత దగ్గరికి పోయినం. ఆ మట్టిగుట్ట ఉన్న జాగలోనే చిన్నప్పుడు పశువులు కాసిండట. మేము దాన్ని ఉత్త లొకేషన్ అనుకున్నం.

ఈసారి దండారికి పటేల్‌ను అడిగి, ఒప్పుకుంటేనే కెమెరా తీస్తం. ఒప్పుకోకపోతే కూసొని చూస్తం. మీ ఊళ్లో పెద్దలను అడిగిన్రా? కింద రాయండి.