మా కారుకు టర్బో ఎందుకు వెయ్యలేదంటే

కారుకు టర్బో వెయ్యాలా వద్దా అన్నది కూడా మాదిగోళ్ళు రాసుకునే సంగతేనా అని మీరు అడగొచ్చు. మా ఆకలి, మా అవమానం, మా తోలుపని రాస్తే చదవడానికి అలవాటు పడ్డారు. కారు గురించి రాస్తే "ఇంకేం, బాగానే ఉన్నారుగా" అంటారు. బాగున్నామో లేదో ఆ కారు బానెట్ ఎత్తి చూస్తే తెలుస్తది. అందుకే రాస్తున్నా.

మాది మార్కాపురం పక్క పల్లె. మార్కాపురం పలకల మీద ఎంతమంది అఆలు దిద్దారో లెక్కలేదు. మా నాయన పలకల క్వారీలో రాయి చీల్చి చీల్చి, ఆ దుమ్ము మింగి, దగ్గుతో పోయాడు. సంతకం చెయ్యడం మాత్రం రాలేదు. మా తాతది తోలుపని. రైతుల బావులకు కపిల బాన కుట్టాడు, కమ్మరి కొలిమికి తిత్తి కుట్టాడు. మాకు బావి లేదు, కొలిమి లేదు. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. 2018 డీఎస్సీలో సెకండరీ గ్రేడ్ టీచర్నయ్యా. తమ్ముడు ఐటీఐ చేసి, హైదరాబాదు గ్యారేజీల్లో ఏడేళ్ళు పనిచేసి, ఇప్పుడు మార్కాపురంలో రోడ్డు పక్కన రేకుల షెడ్డు పెట్టుకున్నాడు.

కారు సెకండ్‌హ్యాండ్ వ్యాగన్ఆర్, 2014 మోడల్. 998 సీసీ, మూడు సిలిండర్లు, 68 హార్స్‌పవర్. లోను వాయిదా నెలనెలా నా జీతంలోంచే పోద్ది. బడికి, ఆసుపత్రికి, చావుకి, పెళ్ళికి అన్నిటికీ అదే బండి. చదును రోడ్డు మీద దానికి ఏ వంకా పెట్టలేం. కానీ మా అక్క ఆత్మకూరులో ఉంటది. దోర్నాల దాటి నల్లమల ఘాట్ ఎక్కాల. అయిదుగురం కూర్చుని, ఏసీ వేసుకుని, వెనక బియ్యం మూట పెట్టుకుంటే మలుపుల కాడ మూలుగుద్ది.

పోయిన వేసవిలో అట్టా మూలుగుతా ఎక్కుతుంటే మా ఊరి పెద్దరైతు కొడుకు కొత్త బండిలో వెనకనుంచి వచ్చాడు. పక్కకొచ్చి అద్దం దించి, "ఏం సారూ, దిగి తొయ్యమంటావా? గవర్నమెంటోళ్ళు ఊరికే ఇచ్చిన బండేమో, ఎక్కట్లా" అని నవ్వి దాటిపోయాడు. స్టీరింగు తమ్ముడి చేతిలో ఉంది. వాడు మాట్లాడలేదు. అమ్మ మాత్రం "పోనీలేరా అబ్బయ్యా" అంది. ఆ మాట మా అమ్మ పుట్టినకాడ్నించీ అంటానే ఉంది.

ఆ రాత్రే తమ్ముడు మొదలుపెట్టాడు. "అన్నా, మన బండికి టర్బో వేద్దాం. హైదరాబాదులో పాత బండ్ల టర్బోలు దొరుకుతయ్. ఇంటర్‌కూలర్, పైపులు, ఇంజెక్టర్లు, ఈసీయూ ట్యూనింగు అన్నీ కలిపి లక్షా ఇరవై వేలు. కూలి నాది. ఆళ్ళ నాయన బండికి టర్బో విప్పి బిగించింది ఎవరనుకున్నావ్? నేనే."

నిజమే. చుట్టుపక్కల ఊళ్ళ పెద్దోళ్ళ డీజిల్ బండ్లకు టర్బో పోతే వాడి షెడ్డుకే వస్తరు. తాత కుట్టిన బానతో తడిసింది వాళ్ళ పొలం. నాయన చీల్చిన పలక మీద దిద్దింది వాళ్ళ పిల్లలు. తమ్ముడు బిగించిన టర్బోతో ఘాట్ ఎక్కేది వాళ్ళ బండి. వాడి మాటలో మంట ఎక్కడిదో నాకు తెలుసు. అందుకే ఒక్కమాటలో కాదనలేదు. నెలరోజులు చదివా, అడిగా, లెక్కలేశా.

టర్బో అంటే ఏందిరా అని అమ్మ అడిగితే తాత తిత్తితో చెప్పా. కొలిమిలో బొగ్గులు మండాలంటే గాలి కావాల. తిత్తి ఒత్తేకొద్దీ మంట పెరుగుద్ది. ఇంజిన్ కూడా అంతే. మామూలుగా అది తనకు తానే గాలి పీల్చుకుంటది. టర్బో ఆ గాలిని బలవంతాన లోపలికి నూకుద్ది. గాలి ఎక్కువైతే ఎక్కువ పెట్రోలు కాల్చొచ్చు, బలం ఎక్కువొస్తది. తిత్తి ఒత్తడానికి మనిషి కావాల. టర్బోను మాత్రం ఇంజిన్ పారేసే పొగే తిప్పుద్ది. ఒకే ఇరుసుకు రెండు చక్రాలు. ఒకదాన్ని పొగ తిప్పితే రెండోది గాలిని నొక్కుద్ది. నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుద్ది. స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు.

అమ్మ అంతా విని, "తిత్తి మరీ ఒత్తితే ఇనుము మాడిపోద్ది గదరా" అంది.

నేను చదివిందంతా ఆ ఒక్క మాటలో ఉంది. మా బండి లాంటి పెట్రోలు ఇంజిన్లో గాలీ పెట్రోలూ కలిపే నొక్కుతారు. దానికి తోడు టర్బో ముందే నొక్కి, వేడెక్కించి పంపుద్ది. ఆ ఒత్తిడికి స్పార్కు ఇచ్చాక అందాల్సిన మంట అందకముందే, మిగిలిన పెట్రోలు తనంతట తనే భగ్గుమంటది. మెకానిక్కులు నాకింగ్ అంటారు. సుత్తితో కొట్టినట్టు మోగుద్ది. అది ముదిరితే పిస్టన్ పగులుద్ది, గాస్కెట్ పోద్ది. డీజిల్ ఇంజిన్ వేరు. అందులో ముందు ఒట్టి గాలినే నొక్కి, తర్వాత డీజిల్ చల్లుతారు. టర్బో డీజిల్‌కు అంత బాగా కుదిరింది అందుకే. తమ్ముడి చేతికి అలవాటైంది డీజిల్ టర్బోలు.

పెట్రోలుకు కంపెనీలు వెయ్యలేదా అన్నది వాడి వాదన. వేశాయి. 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ అని టర్బో పెట్రోలు కారు వచ్చింది. నాకింగ్ రాకుండా మిథనాలూ నీళ్ళూ కలిపిన ద్రవాన్ని వేరే ట్యాంకులో నింపాల్సొచ్చేది. జనం నింపడం మర్చిపోయేవాళ్ళు. 1963తో ఆ మోడల్ ఆగిపోయింది. మన కాడ మారుతి 2017లో బాలెనో ఆర్‌ఎస్ తెచ్చింది. అదీ 998 సీసీయే, మూడు సిలిండర్లే. టర్బోతో 102 హార్స్‌పవర్. మా బండికి ఒకటిన్నర రెట్లు. కానీ అది టర్బో కోసమే తయారైన ఇంజిన్. బ్రేకులు కూడా మార్చి నాలుగు చక్రాలకూ డిస్కులు పెట్టారు. మా బండికి వెనక డ్రమ్ములే. ఘాట్ ఎక్కితే సరిపోదు, దిగాల కూడా.

ఈ లెక్కలు స్టాఫ్‌రూములో కాగితం మీద వేస్తుంటే తోటి సారొకాయన తొంగిచూశాడు. "మీకు కారుకెందుకండీ టర్బో, ఉద్యోగాల్లో ఉందిగా" అని నవ్వాడు. ఇద్దరు ముగ్గురు కలిసి నవ్వారు.

ఆయనకు అక్కడే జవాబు చెప్పా. "సార్, మీ తాత కరణం. మీ నాయన హెడ్‌మాస్టరు. మూడు తరాల పుస్తకాలు, పొలం, ఊళ్ళో పలుకుబడి మీరు పుట్టకముందే మీ ఇంట్లో ఉన్నయ్. అది కంపెనీలోనే బిగించి పంపిన టర్బో. బానెట్ కింద ఉంటది కాబట్టి ఎవరికీ కనపడదు. మీరు దానికి తెలివి అని పేరు పెట్టారు. మాకు రిజర్వేషన్ ఇచ్చింది టర్బో కాదు, మూసిన గేటు తియ్యడం. గేటు తీస్తే బండికి బలం పెరగదు. ఎక్కేది మా సొంత అరవై ఎనిమిదితోనే." ఆయన టీ గ్లాసు పట్టుకుని బయటికి పోయాడు.

ఇక చట్టం. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేట్టు బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ సంగతే గట్టిగా చెప్పింది. అదే ఏడు తెచ్చిన సవరణతో, అట్టా మార్చిన ఓనరుకు ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరునెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సోళ్ళకు చెయ్యెత్తేయడానికి సాకు దొరుకుద్ది. "ఎన్ని బండ్లు తిరగట్లా అన్నా అట్టా మార్చుకుని" అంటాడు తమ్ముడు. తిరుగుతయ్. పట్టుకుంటే వాళ్ళు ఒక ఫోను చేస్తారు. నా ఉద్యోగం మీదికి కేసొస్తే ఫోను చెయ్యడానికి మాకెవరున్నారు?

నన్ను చివరికి తేల్చింది మాత్రం బాబాసాహెబ్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాసుకున్న సంగతి. 1929లో ఆయన చాలీస్‌గావ్‌లో రైలు దిగితే, మహర్ మనిషిని ఎక్కించుకుంటే తమ పరువు పోద్దని టాంగావాళ్ళు బండి తోలమన్నారు. ఆయన్ని నడిపించి తీసుకుపోవడం మహర్వాడ వాళ్ళకు మనసొప్పలా. టాంగా మాత్రం అద్దెకు తీసుకుని, తోలడం రాని తమ మనిషినే కూర్చోబెట్టారు. దారిలో కల్వర్టు మీద బండి దెబ్బతిని, ఆయన రాళ్ళ మీద పడి కాలు విరిగింది. తన గౌరవం నిలబెట్టబోయి తన ప్రాణాన్నే ప్రమాదంలో పెట్టారని ఆయన రాసుకున్నాడు. వాళ్ళ మీద కోపంతో కాదు. కులం మనచేత ఏమేం చేయిస్తదో చూపించడానికి.

ఘాట్‌లో విన్న ఒక్క నవ్వుకు జవాబుగా మా అమ్మను, నా పిల్లల్ని ఆ టాంగా ఎక్కించడం నాకు ఇష్టం లేదు. ఇంజిన్ మాడితే పెద్దరైతు కొడుకు ఇంకో బండి కొంటాడు. మాకు రెండో ఇంజిన్ లేదు. మొదటి తరం అంటే అదే.

వద్దని చెప్పిన రోజు తమ్ముడు అన్నం తినలేదు. "నువ్వు కూడా వాళ్ళ మాదిరే మాట్లాడుతున్నావన్నా. మీకెందుకురా అనడానికి ఊళ్ళో ఇంతమంది ఉండగా, నువ్వు కూడానా?" అన్నాడు.

"వాళ్ళు 'మీకెందుకు' అంటారు. నేను 'ఈ ఇంజిన్‌కు వద్దు' అంటన్నా. ఆ రెండూ ఒకటి కాదురా. నీ చేతి మీద నాకు అనుమానం లేదు. ఆ పిస్టన్ల మీదే అనుమానం" అన్నా. వాడు చాలాసేపు నా మొహం కూడా చూడలేదు.

తర్వాత వాడే బండిని విప్పాడు. క్లచ్ ప్లేటు అరిగిపోయింది, మార్చాడు. ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టరు మార్చాడు. ఈ ఇంజిన్ లాగుడు బలం 3,500 చుట్ల దగ్గర గరిష్ఠంగా ఉంటది. ఘాట్‌లో తొందరపడి మూడో గేరుకు పోకుండా, ఆ చుట్లు నిలిచేట్టు రెండో గేరులోనే పట్టుకుని, మలుపుల కాడ ఏసీ ఆపితే అయిదుగురితో ఎక్కుద్ది. మెల్లగానే, కానీ ఆగకుండా ఎక్కుద్ది. లక్షా ఇరవై వేల లోను పెట్టలేదు. ముప్పై వేలు తీసి వాడి షెడ్డుకు ఇంజిన్ చదివే స్కానర్ కొన్నాం. ఇప్పుడు పెట్రోలు టర్బో బండ్లు కూడా వాడి కాడికి వస్తన్నయ్.

తమ్ముడు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. అప్పుడప్పుడు మా బండి బానెట్ ఎత్తి, టర్బో యాడ పడుద్దో జానతో కొలుస్తానే ఉంటడు. కొలవనీ. కంపెనీ టర్బో ఉన్న బండి మా ఇంటి ముందుకొచ్చే రోజు దాన్ని విప్పి చూసే మొదటి చెయ్యి వాడిదే కావాల.