పొట్టివాళ్లకీ ఓ సైకిల్ ఉంటుంది

నా ఎత్తు 150 సెంటీమీటర్లు. అయిదడుగులకు ఓ అంగుళం తక్కువ. సైకిల్ షాపులో ఈ మాట చెప్పగానే రెండే సమాధానాలు వస్తాయి: ‘పిల్లల సైకిల్ తీసుకోండి’, లేదంటే ‘సీటు దించేస్తాం, సరిపోతుంది’. రెండూ సగం నిజాలే.

చిలకలూరిపేట దగ్గర మా ఊళ్లో ఇంటి నుంచే ఉద్యోగం. పొద్దున్నే పత్తిచేల మధ్య పదిహేను కిలోమీటర్లు తొక్కాలన్నది నా కోరిక. నాన్న తరం వాళ్లు 22 అంగుళాల నల్ల సైకిల్ మీద, బార్ కింద నుంచి కాలు పోనిచ్చి అడ్డతొక్కుడుతో నేర్చుకున్నారు. సైకిల్ మారదు, మనిషే సర్దుకోవాలన్నది అప్పటి అలవాటు.

కోడ్ రాసేదాన్ని కదా, కొలతలతో మొదలుపెట్టా. చెప్పుల్లేకుండా గోడకి ఆనుకుని, కాళ్ల మధ్య గట్టి అట్ట పుస్తకాన్ని పైకి నొక్కి, నేల నుంచి దాని పై అంచు వరకు కొలిచా. 69 సెంటీమీటర్లు. ఫ్రేమ్ పై బార్ ఇంతకన్నా మూడు నాలుగు సెంటీమీటర్లు కిందుండాలి. ట్రాక్టర్ ఎదురొచ్చి టక్కున దిగాల్సొస్తే ఆ ఖాళీయే కాపాడుతుంది.

ఇక చక్రం. రోడ్డు సైకిళ్ల 700సీ, ఎంటీబీల 29 అంగుళాలు... రెండింటి రిమ్ కొలతా ఒకటే, 622 మిల్లీమీటర్లు. 27.5కి 584, 26కి 559. పెద్ద చక్రం గుంతల మీద హాయిగా దొర్లుతుంది. కానీ చిన్న ఫ్రేమ్‌లో ఇరికిస్తే మలుపులో కాలి వేళ్లు ముందు టైరుకి తగలొచ్చు. అందుకే 1980ల్లో అమెరికాలో జార్జీనా టెర్రీ అనే మెకానికల్ ఇంజినీర్ ముందు చక్రం చిన్నగా పెట్టి ఆడవాళ్ల కోసం సైకిళ్లు తయారుచేసింది. చక్రం చిన్నదైతే స్పీడ్ రాదనుకోకండి, గేర్లతో సరిచేసుకోవచ్చు.

సీటు దించితే కాలు నేలకి అందుతుంది. హ్యాండిల్ మాత్రం దగ్గరికి రాదు. పైగా మోకాలు మరీ మడతపడి నొప్పెడుతుంది. మడమ పెడల్ మీద పెట్టి, పెడల్ కిందికొచ్చినప్పుడు కాలు నిటారుగా ఉంటే సీటు ఎత్తు సరిపోయినట్టే. చివరికి నేను 26 అంగుళాల చక్రాలు, కిందికి వంగిన బార్ ఉన్నది తీసుకున్నా. హ్యాండిల్ దగ్గరికి రావడానికి పొట్టి స్టెమ్ వేయించా.

అమ్మ నాకన్నా పొట్టి. సైకిల్ అందదని చిన్నప్పుడే వదిలేసింది. ఏళ్ల తరబడి మిరప కోతలకి నడిచే వెళ్లింది. నేర్చుకునేవాళ్లకి సీటు కిందే ఉండాలి కాబట్టి, మొన్న బాగా దించి ఖాళీ కళ్లంలో ఎక్కించా. రెండు పాదాలూ నేలకి ఆనాయి. ‘ఇన్నాళ్లూ నేనే పొట్టిదాన్ననుకున్నానే’ అంది.

షాపుకి వెళ్లేముందు మీ కాలు కొలుచుకోండి. ఎక్కి ఓ రౌండు తిప్పి చూడకుండా డబ్బులు మాత్రం కట్టకండి.