పటములోని పట్టణములు

ఊరనగా ఇండ్ల గుంపు మాత్రమే కాదు. ఒకరు చేసిన పని మరియొకరికి జ్ఞాపకముండు చోటే ఊరు. అడవిలో చేసినదానిని అడుగువారుండరు. ఊరిలో చేసినదానికి మరునాడు జవాబు చెప్పుకొనవలయును. ఈ సంగతిని మేము పౌరశాస్త్రమున చదివియే యుంటిమి. కాని అది మా మనసున నాటుకొన్నది భూమిమీద నెక్కడను లేని కొన్ని నగరముల వలన. వానిని గూర్చి తోడి విద్యార్థులకును, తల్లిదండ్రులకును, గురువులకును నాలుగు మాటలు విన్నవింప దలచితిమి.

మేమైదుగురము శనివారపు మధ్యాహ్నములందు మాలో నొకని యింటి వసారాలో కూర్చుండి డంజన్స్ అండ్ డ్రాగన్స్ అను ఆట ఆడుచుందుము. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను ఇరువురు అమెరికనులు దీనిని 1974వ సంవత్సరమున ప్రకటించిరి. ఆడువారిలో నొకడు సూత్రధారుడై స్థలమును వర్ణించును. తక్కినవారు తలకొక పాత్రను ధరించి, తామేమి చేయుదురో నోటితో చెప్పుదురు. తలపెట్టిన పని నెరవేరునో లేదో 20 ముఖములు గల పాచిక తేల్చును. ఇందు డబ్బు పందెములు లేవు. కాగితము, పెన్సిలు, పాచికలు, నలుగురు స్నేహితులు ఉన్న చాలును.

మొదట ఈ యాటకు నగరముతో పని లేకుండెను. గైగాక్స్ 1972లో విస్కాన్సిన్ రాష్ట్రమందలి లేక్ జెనీవా యను చిన్న పట్టణమున, తన యింట, ఒక పాడుకోట క్రింది నేలమాళిగలను కాగితముపై గీసి, తన పిల్లల పాత్రలను అందులోనికి దింపెను. వారు భూతములతో పోరాడి ధనము తెచ్చిరి. తెచ్చిన ధనమును ఎచ్చట మార్చవలయును? గాయములకు కట్టెవరు కట్టుదురు? రాత్రి ఎచ్చట పండుకొనవలయును? ఈ ప్రశ్నలకు సమాధానముగా ఆ కోట చేరువను గ్రేహాక్ అను నగరము వెలసెను. మన కథలలో రాజకుమారుడు తెలియని పట్టణము చేరినతోడనే పేదరాసి పెద్దమ్మ యిల్లు వెదకికొనును గదా, ఇదియు అట్టిదే. ఎంతటి వీరునికైనను తిరిగివచ్చుటకొక గడప కావలయును.

పిమ్మట వచ్చిన గ్రంథకర్తలు ఒక్కొక్క నగరమున ఒక్కొక్క ప్రశ్నను నిలిపిరి. కెనడా దేశపు గ్రంథాలయోద్యోగి యగు ఎడ్ గ్రీన్‌వుడ్, ఈ యాట పుట్టకమునుపే, బాల్యమున కల్పించుకొన్న లోకము 1987లో ఆటగాండ్రకొరకు అచ్చుపడెను. అందలి మహానగరము వాటర్‌డీప్. దానిని పాలించు ప్రభువులు ముసుగులు ధరించి సభ తీర్తురు. ఒక్కని ముఖము మాత్రమే ప్రజలకు తెలియును. రొట్టె కొనుచున్నప్పుడు ప్రక్క నిలిచినవాడే ప్రభువైనను కావచ్చును. ముఖము తెలియని యేలిక న్యాయముగా నుండునా, లేక ఎవరికిని జవాబుదారి కాక చెడునా? ఈ సంగతిపై మేమొక సాయంకాలమంతయు వాదించి, పాచిక ముట్టుటయే మరచితిమి.

డేవిడ్ కుక్ రచించి 1994లో వెలువడిన ప్లేన్‌స్కేప్‌లోని సిగిల్ ఇంకను వింత. అదొక పెద్ద చక్రము యొక్క లోపలి ముఖమున కట్టబడిన నగరము. తలయెత్తినచో ఆకాశమునకు బదులు ఎదుటి పేటల యిండ్ల కప్పులు కనబడును. ఆ యూరికి బాటలు లేవు. ద్వారములు మాత్రమే కలవు. ఏ కిటికీయైనను, ఏ తలుపైనను తగిన తాళపుచెవి యున్నచో మరియొక లోకమునకు తెరచుకొనవచ్చును. ఆ చెవి ఇనుముది కానక్కరలేదు. ఒక పువ్వైనను చాలునట!

మాకు మిక్కిలి ప్రియమైనది షార్న్. వీజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అను సంస్థ 2002లో నూతన కల్పనాలోకముల కొరకు పోటీ పెట్టగా, 11,000కు పైగా వచ్చిన రచనలలో కీత్ బేకర్ రచించిన ఎబెరాన్ గెలిచి, 2004లో అచ్చయ్యెను. షార్న్ అందలి గోపురముల నగరము. మైలు పొడవు లేచిన గోపురములు, వాని నడుమ వంతెనలు, గాలియోడలు! పైయంతరువులందు ధనికులు వసింతురు. దిగువ పేటలకు ఎండ సోకదు. అంతకును క్రిందుగా కొలుములు మండుచుండును. ఎవడెంత ఎత్తున నివసించునో వాని కలిమి అంత.

ఆ దిగువ పేటలో రొట్టెలు కాల్చి యమ్ముకొను నొక అవ్వ మాకు తారసిల్లెను. ఆమె గ్రంథమున లేదు. మా సూత్రధారుడప్పటికప్పుడు కల్పించినది. కొలుములలో పనికి పోయిన మనుమడు తిరిగి రాలేదనియు, వెదకి తెచ్చిపెట్టుడనియు వేడుకొనెను. మేము సరే యంటిమి. తరువాతి వారము పైగోపురపు వర్తకుడొకడు తన గాలియోడకు కావలి యుండినచో 500 బంగారు నాణెములిత్తుననెను. ఓడ మరునాటి యుదయమే కదలును.

మాలో ఇరువురు ఓడ ఎక్కుదమనిరి. ఇరువురు వలదనిరి. వాదము ముదిరెను. ఓడవైపువాడొకడు, "అవ్వ యెవరు? ఆమె పటముపైనను లేదు. వీని నోట పుట్టినది, వీని నోటనే పోవును. లేనిదాని కొరకు 500 నాణెములు పోగొట్టుకొందుమా?" అని యడిగెను. ఆ మాటకు మేము నిరుత్తరులమైతిమి. అది నిజమే గదా. అప్పుడు మాలో చిన్నవాడు మెల్లగా, "అవ్వ లేకపోవచ్చును. మాట యిచ్చిన మనమున్నాము" అనెను.

కొంతసేపెవరును పలుకలేదు. సూత్రధారుడు తీర్పు చెప్పలేదు. ఓడ తాళ్లు విప్పుచున్నారని మాత్రము చెప్పి, "మీరేమి చేయుదురు?" అని అడిగెను. మొదట మెట్లు దిగుదుననినవాడు ఓడ కొరకు వాదించినవాడే. మనుమడు కొలిమి యజమానికి పడిన అప్పు క్రింద బంధింపబడి యుండెను. మా సంచులలోని నాణెములన్నియు ఆ అప్పు తీర్చుటకు సరిపోయెను. ఆ దినమున మాకు లభించిన ధనము ఒక్క రొట్టె. అదియు కాగితముపై వ్రాసికొన్నదే.

పరీక్షలు సమీపించుచుండ ఈ యాటలేల యని పెద్దలడుగుట న్యాయమే. శనివారము తప్ప మరియే దినమునను పాచిక ముట్టరాదని నియమము చేసికొని, దానిని పాటించుచున్నాము. కాలము వృథా కాలేదా యన్నచో మేము చెప్పగలిగినది ఒక్కటే. ఎదుట నిలిచి అడుగువాడున్నచోట మాట నిలుపుకొనుట గొప్ప కాదు. అడుగువాడును, చూచువాడును, శిక్షించువాడును లేనిచోట నిలుపుకొనవలయునా యను ప్రశ్న మాకు మొదట ఎదురైనది షార్న్ నగరపు మెట్లపైననే.

ఈ వేసవితో మేము విడిపోవలసియున్నది. సూత్రధారుని తండ్రిగారికి బదిలీ యైనది. ఇంకొకడు పాలిటెక్నిక్కునకు పోవును. మరి ఇరువురు ఇంటర్మీడియటుకు వేరు వేరు పట్టణములకు పోవుదురు. పటము, పాచికలు తొమ్మిదవ తరగతి చదువుచున్న మా చిన్నవానికి ఒప్పగించితిమి. వచ్చు సంవత్సరము అతడే సూత్రధారుడు. క్రొత్తవారు నలుగురిని చేర్చుకొనును.

వారికి ఆ పటమున ఒక విశేషము కనబడును. దిగువ పేటలో, అచ్చులో పేరులేని యొక చిన్న సందుప్రక్కన, పెన్సిలుతో "రొట్టెలవ్వ సందు" అని వ్రాసి యున్నది. వ్రాత ఓడ కొరకు వాదించినవానిది.