కళ్లెము

నా మేనల్లుడు మ్యూనిక్ నగరమున ఇంజనీరుగా నున్నాడు. మా అక్క తనకు పసుపుకుంకుమల క్రింద వచ్చిన రెండెకరముల మాగాణి నమ్మి వానిని చదివించినది. పోయిన వేసవి సెలవులలో వాడే టిక్కెట్టు కొని నన్ను పిలిపించుకొనెను. సంస్కృతము, ఇంగ్లీషు చెప్పుకొని బ్రదుకు బడిపంతులు విమానమెక్కెనని మా ఊరివారు ఇప్పటికిని నవ్వుచున్నారు. కాని నేనిచ్చట వ్రాయబోవునది యాత్రావిశేషములు గావు. వాడు అప్పుచేసి రెండవచేతి బేరమున కొన్న యొక స్పోర్ట్సు కారు సంగతి.

ఒక ఆదివారము తెల్లవారుజామున నన్నా కారులో కూర్చుండబెట్టుకొని న్యూరెంబర్గు దిక్కుగా ఏ-9 రహదారిపై తోలెను. జర్మనీ రహదారులలో కొన్ని భాగములందు వేగమునకు హద్దు లేదన్న మాట చదువరులు వినియే యుందురు. గంటకు 130 కిలోమీటర్లు మించవలదను సలహా మాత్రము 1978 నుండి కలదు. అది ఆజ్ఞ కాదు. అయినను దానిని మీరినవాడు ప్రమాదము జరిగినపుడు నష్టములో కొంత పాలు మోయవలసి రావచ్చును. మావాడు 200 దాటెను, 230 దాటెను. నేను కన్నులు మూసికొంటిని. కొంతసేపటికి ఇంజను మ్రోత పెరుగుట మానినట్లు తోచి కన్నులు తెరచితిని. ముల్లు 250 కడ నిలిచియున్నది. వాడు పాదము నేలకంటునట్లు త్రొక్కుచునే యుండెను, కారు వినలేదు.

"చూచితివా, మామయ్యా! దీనికి సత్తువ లేక కాదు, కట్టివేసినారు" అనెను.

ఆ కట్టు ఇనుపది కాదు. ఇంజనును నడుపు కంప్యూటరులో 250 అను అంకె యొకటి వ్రాయబడి యుండును. చక్రముల వేగము ఆ యంకెను సమీపింపగానే కంప్యూటరు ఇంజను బలమును తగ్గించును, అంతియే. 1980 దశకము చివర జర్మనీలోని పెద్ద కార్ల కంపెనీలు తమలో తాము చేసికొన్న పెద్దమనుషుల ఒప్పందమువలన ఈ 250 వాడుకకు వచ్చినది. తాము ముందుగా హద్దు పెట్టుకొననిచో ప్రభుత్వమే పెట్టునేమోయని వారికి జంకు కలిగెనని చెప్పుదురు. పోర్షే వారు ఆ ఒప్పందమున చేరలేదు. జపానులో ఇట్టి హద్దు 180. నిస్సాన్ జి.టి.-ఆర్. అను కారు 2007 లో అచట వచ్చినపుడు, తాను పందెపు మైదానమున నున్నానని ఉపగ్రహముల ద్వారా తెలిసికొన్నపుడే ఆ హద్దు సడలునట్లు ఏర్పాటు చేసిరి. ఈ ఏర్పాటు నాకు మిక్కిలి నచ్చినది. ఎచ్చట పరుగెత్తవచ్చునో ఎరిగిన గుఱ్ఱమన్నమాట.

మావాని వాదము వేరు. కంపెనీకి అదనముగా సొమ్ము చెల్లించినచో ఆ అంకెను వారే పెంచియిత్తురు. బి.ఎం.డబ్ల్యు. వారి ఎమ్ తరగతి కార్లకును, మెర్సిడెస్ వారి ఏ.ఎం.జి. కార్లకును ఇట్టి ఏర్పాటు కలదు. దానితోపాటు కారు నడపుటలో శిక్షణయు నిత్తురు. (మావాని కారు ఏ కంపెనీదో నేను చెప్పను.) "సొమ్మిచ్చినవానికి లేని అపాయము ఇయ్యనివానికి ఎక్కడినుండి వచ్చును?" అని వాడడిగెను. ఈ ప్రశ్నకు నాకిప్పటికిని సరియైన సమాధానము దొరకలేదు.

అయినను అంకె మార్చినంత మాత్రమున గాలి మారదు. 250 నుండి 300 నకు పోవుటలో వేగము ఐదవవంతే పెరుగును. గాలి నెదిరించుటకు కావలసిన బలము ముప్పాతికవంతు పెరుగును. ఆపవలసి వచ్చినపుడు బ్రేకులపై పడు భారము నూటికి 44 పాళ్లు హెచ్చును. టైరుపై నొక అక్షరముండును: వి యన్నచో 240, డబ్ల్యు అన్నచో 270, వై అన్నచో 300 దాక అది తాళగలదని యర్థము. వాని ఇంటి క్రింది గదిలో పేర్చియున్న చలికాలపు టైర్లను నేనే వంగి చూచితిని. వి యని యుండెను. "మంచు కాలమున ఇది నీకు జ్ఞాపకముండునా?" అంటిని. ఉండుననెను.

ఊరి శివారున నొక చిన్న కార్ఖానావారు తీగ తగిలించి గంటలో అంకె మార్చుదురట. వారంటీ యింకను పదునాలుగు నెలలు కలదు. సర్వీసునకు పోవుటకు ముందు పాత ప్రోగ్రామును తిరిగి ఎక్కించినచో ఎవరికిని తెలియదని వారు వానికి ధైర్యము చెప్పిరి. కారు పత్రములలో గరిష్ఠ వేగము వ్రాసియుండును. మార్పును తనిఖీదారులకు చూపి నమోదు చేయించనిచో రోడ్డుపై తిరుగు అనుమతియే పోవచ్చును, బీమావారు పేచీ పెట్టవచ్చును. ఇదంతయు వానికి తెలియును. కఠోపనిషత్తున మనస్సును కళ్లెముగా చెప్పిన చోటు నేను ఏటేట పిల్లలకు చెప్పుచుందును. ఆ నాడు మాత్రము నా నోట మాట రాలేదు. టిక్కెట్టు వానిది, తినుచున్న అన్నము వానిది.

నవంబరులో గేర్ బాక్సు చెడినది. కంపెనీవారి యంత్రము కారు జ్ఞాపకమును చదివెను. ప్రోగ్రాము ఎన్నిమారులు వ్రాయబడినదో అది లెక్కపెట్టుకొని యుంచినదట. పాతది తిరిగి ఎక్కించుటయు నా లెక్కలో నొకటియే. వారంటీ చెల్లదనిరి. మరమ్మతునకు తొమ్మిదివేల యూరోలు.

ఆ రాత్రి వాడు నాకు ఫోను చేసెను. వాని జర్మను భాష బజారు పనులకే చాలును. "మామయ్యా, కంపెనీకి నీ ఇంగ్లీషులో ఒక ఉత్తరము వ్రాసిపెట్టుము. నేనేమియు చేయలేదని, పాత యజమాని చేయించి యుండవచ్చునని" అనెను.

వ్రాసితిని. దాచుట యెందులకు? ఆ భాషలో కర్త లేని వాక్యము కూర్చుట బహు సులభము. 'మార్పు జరిగియుండవచ్చును' అన్నచో చేసినవాడు కనబడడు, అబద్ధమును పూర్తిగా కాదు. ఇరువదియేండ్లుగా ఈ కర్మణి ప్రయోగమును పిల్లలకు నేర్పుచున్నాను. దాని యుపయోగ మంత చక్కగా నాకెన్నడును తెలియలేదు.

మరునాడు రెండవ ఉత్తరము వ్రాసితిని. మార్పు నేనే చేయించితిని. మార్చినది వేగపు అంకె మాత్రమే, ఇంజను బలము పెంచలేదు. నాలుగుమారులు 280 దాక పోయితిని. చెడిన భాగమునకు దీనితో సంబంధ మున్నదని మీరు చూపినచో ఖర్చు నాది, చూపలేనిచో మీది, అని. అమెరికాలోని 1975 నాటి వారంటీ చట్టపు తీరు ఇట్టిదే. జర్మనీలో కంపెనీ తానుగా నిచ్చు వారంటీ వారి షరతుల కాగితమును బట్టి నడచును గనుక ఈ ఉత్తరము నెగ్గునని నాకంత నమ్మకము లేదు.

మొదటిది చింపివేయవలసినది. చేతిలోనికి తీసికొంటిని గాని అమ్మిన మాగాణి జ్ఞాపకమునకు వచ్చెను. రెండును పంపితిని.

ఏది కంపెనీకి పోయెనో వాడు చెప్పలేదు, నేనడుగలేదు. ఈ నెల మా అక్కకు వచ్చిన సొమ్ము వాడుకలో సగము. నిన్న సాయంకాలము వాకిట కూర్చుండి, "ఒరే తమ్ముడూ, వాడికక్కడ ఏమైనా ఖర్చు తగిలిందంటావా?" అని యడిగినది.

"తగిలి యుండవచ్చును" అంటిని.