టైరుకీ ఒక పుట్టినరోజు ఉంటుంది

మీ ఇంటి ముందు ఆగి ఉన్న కారు టైర్లు ఎప్పుడు పుట్టాయో మీకు తెలుసా? నవ్వకండి. టైరుకి కూడా పుట్టినరోజు ఉంటుంది. అది టైరు మీదే రాసి ఉంటుంది. ఇంట్లో అందరం రోజూ కారు ఎక్కుతాం, దిగుతాం. ఆ రాత చదివేవాళ్లు మాత్రం చాలా తక్కువ.

టైరు పక్కన, డి.ఓ.టి. అనే మూడు ఇంగ్లీషు అక్షరాల తర్వాత, ఇంకొన్ని అక్షరాలు, అంకెలు వరసగా ఉంటాయి. వాటిలో చివరి నాలుగు అంకెలు చూడండి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 3511 అని ఉంటే 2011లో 35వ వారం, అంటే ఆగస్టు నెలాఖరులో తయారైందన్నమాట. ఒక్కోసారి ఈ నాలుగు అంకెలు టైరుకి ఒకవైపే ఉంటాయి. బయట కనిపించకపోతే లోపలివైపు వంగి చూడాలి. చివర మూడే అంకెలు ఉంటే అది 2000 సంవత్సరానికి ముందుది. అలాంటి టైరుకి బేరం కూడా ఆడక్కర్లేదు.

ఈ నాలుగు అంకెలు ఎందుకంత ముఖ్యమో చెప్తాను. మా పిన్ని కొడుకు చదువుకోవడానికి గుంటూరు నుంచి ఇంగ్లండు వచ్చాడు. కోవెంట్రీలో ఉండేవాడు. రాత్రిపూట ఊరి బయట ఒక గోడౌన్లో పని. బస్సులు ఉండవు కాబట్టి చిన్న పాత కారు కొనుక్కున్నాడు. 2022లో దాని ముందు టైర్లు రెండూ బాగా అరిగిపోయాయి. కొత్తవి ఒక్కొక్కటి 60 పౌండ్లు. వాడిన టైర్లు అమ్మే షాపులో ఒక్కొక్కటి 25 పౌండ్లే. "నువ్వూ రా అక్కా, ఒకసారి చూద్దువుగాని" అన్నాడు. వెళ్లాను.

షాపతను రెండు టైర్లు తెచ్చి చూపించాడు. నల్లగా నిగనిగలాడుతున్నాయి. గాళ్లు లోతుగా ఉన్నాయి. గాళ్లంటే టైరు మీద నీళ్లు పోవడానికి ఉండే సందులు. మా తమ్ముడి ముఖం వెలిగిపోయింది. నేను చీర కుచ్చిళ్లు సర్దుకుని కింద కూర్చుని అంకెలు వెతికాను. 3511. అంటే ఆ టైరుకి అప్పటికే దాదాపు పదకొండేళ్లు!

"గాళ్లు చూడక్కా, కొత్తవాటిలాగే ఉన్నాయి కదా. ఈ నెల అద్దె కూడా కట్టాలి" అన్నాడు వాడు మెల్లగా. ఆ మాటకి నాకు కష్టం వేసింది. డబ్బు లేనివాడికి 70 పౌండ్ల తేడా చిన్నది కాదు.

అప్పుడు నాకు మా నాన్న గుర్తొచ్చారు. నాన్న లారీ నడిపేవారు. టైరు కొనేముందు చేత్తో తడిమి, గాళ్లని వేళ్లతో విడదీసి, లోపల సన్నని పగుళ్లు ఉన్నాయేమో చూసేవారు. "గాళ్లు చూస్తే ఎంత దూరం తిరిగిందో తెలుస్తుంది, రబ్బరు చూస్తే ఎంతకాలం బతికిందో తెలుస్తుంది" అనేవారు. నేనూ అలాగే విడదీసి చూశాను. వెంట్రుకల్లాంటి పగుళ్లు కనిపించాయి. పైన పూసిన మెరుపు వాటిని దాచేసింది. తెలుగులో దీనికి మంచి సామెత ఉంది: పైన పటారం, లోన లొటారం. పైకి ఆర్భాటం, లోపల డొల్ల అని.

తిరగకుండా ఉన్న టైరు ఎలా పాడవుతుందని మీకు అనుమానం రావచ్చు. ఇంట్లో సొరుగులో ఏళ్ల తరబడి పడి ఉన్న రబ్బరు బ్యాండుని లాగి చూడండి. టప్పున తెగిపోతుంది. దాన్ని ఎవరూ వాడలేదు, అయినా పాడైంది. గాలి, ఎండ, వేడి కలిసి రబ్బరుని మెల్లగా గట్టిపరుస్తాయి. టైరు లోపల ఉక్కు తీగల పొరలు ఉంటాయి. రబ్బరు ముసలిదైతే ఆ పొరల మీద పట్టు సడలిపోతుంది. కారు వేగంగా వెళ్తున్నప్పుడు పైపొర ఊడిపోవచ్చు.

ఇది ఉత్తి భయం కాదు. 2012 సెప్టెంబరులో ఇంగ్లండులోని సర్రే ప్రాంతంలో ఒక బస్సు ముందు టైరు పేలి ముగ్గురు చనిపోయారు. ఆ టైరు వయసు 19 ఏళ్లు. అంత పాత టైరు వాడకూడదని అప్పటికి చట్టమే లేదు. ఆ ప్రమాదంలో కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి చట్టం మార్చాలని ఏళ్ల తరబడి పోరాడింది. చివరికి 2021 ఫిబ్రవరి 1 నుంచి లారీలకు, బస్సులకు ముందు చక్రాలకి పదేళ్లు దాటిన టైర్లు వాడకూడదన్నారు. కార్లకి మాత్రం అలాంటి చట్టం లేదు. కాబట్టి కారు టైరు వయసు చూసుకోవలసింది మనమే. కొన్ని కార్ల కంపెనీలు ఆరేళ్లకే మార్చమంటాయి. పదేళ్లు దాటితే, గాళ్లు ఎంత బాగున్నా వాడొద్దని కొన్ని టైర్ల కంపెనీలు చెప్తాయి.

అలాగని వాడిన టైర్లన్నీ చెడ్డవి అనుకోకండి. బ్రిటన్‌లో వాటిని అమ్మడానికి నియమాలు ఉన్నాయి. టైరు మీద "పార్ట్ వోర్న్" అని ముద్ర ఉండాలి. గాళ్లు కనీసం 2 మిల్లీమీటర్ల లోతు ఉండాలి. ఎక్కడా ఉబ్బు ఉండకూడదు. రోడ్డు మీద తిరిగే కారు టైరుకైతే 1.6 మిల్లీమీటర్లు తప్పనిసరి. అంతకంటే తగ్గితే ఒక్కో టైరుకి 2,500 పౌండ్ల దాకా జరిమానా, లైసెన్సు మీద 3 పాయింట్లు పడొచ్చు. కొలవడానికి ఇరవై పెన్నీల నాణెం చాలు. దాన్ని గాడిలో నిలబెట్టండి. నాణెం చుట్టూ ఉన్న అంచు పట్టీ బయటికి కనిపిస్తే టైరు బాగా అరిగిపోయినట్టే, వెంటనే చూపించాలి.

మేం చూసిన టైర్ల మీద ఆ ముద్ర కూడా లేదు. "వద్దులెండి" అని షాపతనికి చెప్పి బయటికి వచ్చేశాం. తమ్ముడు కొత్తవి రెండు కొన్నాడు. నేను 60 పౌండ్లు ఇస్తే ఊరికే తీసుకోనన్నాడు. నెలకి 20 చొప్పున మూడు నెలల్లో తీర్చేశాడు. ఆ పాత టైర్లు వేసుకుని ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. ఏమీ కాకపోయేదేమో. కానీ రాత్రి రెండింటికి, వానలో, మోటర్‌వే మీద ఒంటరిగా వచ్చే పిల్లాడి విషయంలో "ఏమో" అనే మాట మీద నేను నిద్రపోలేను.

మీకు ఇంకో సరదా సంగతి. కారు డిక్కీలో ఉండే అదనపు టైరుని మన ఊళ్లలో "స్టెప్నీ" అంటారు. మీ తాతయ్యని అడగండి, ఠక్కున చెప్తారు. ఈ మాట బ్రిటన్ నుంచే వచ్చింది. 1904లో వేల్స్‌లోని లానెల్లి ఊళ్లో, స్టెప్నీ వీధిలో ఇద్దరు అన్నదమ్ములు ఇలాంటి అదనపు చక్రాన్ని తయారుచేశారు. ఆ వీధి పేరే తెలుగువాళ్ల నోళ్లలో స్థిరపడిపోయింది. అన్నిటికన్నా ఎక్కువగా మనం మరిచిపోయేది ఆ స్టెప్నీనే. అది తిరగదు, అరగదు, చీకట్లో ఊరికే ముసలిదైపోతుంది.

ఈ ఆదివారం అమ్మనో నాన్ననో తోడు తీసుకుని కారు దగ్గరికి వెళ్లండి. కారు ఆగి ఉన్నప్పుడు మాత్రమే సుమా! నాలుగు టైర్ల పుట్టినరోజులూ కాగితం మీద రాయండి. తర్వాత డిక్కీ తెరిచి స్టెప్నీదీ రాయండి. ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించండి. మీ ఇంట్లో ఈ పని చేసినవాళ్లు బహుశా మీరే మొదటివాళ్లు అవుతారు.