గాంధీగారి పిల్లలు

మా నాన్నగారికి చప్పుడు గిట్టేది కాదు. ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులుగా పనిచేసిన ఆయన జీవితాంతం ఖద్దరు తప్ప మరొకటి ధరించలేదు. ప్రతి ఉదయం గంటసేపు రాట్నం ముందు కూర్చునేవారు. ఆ గంటలో ఇంట్లో ఎవరూ గొంతు పెంచి మాట్లాడకూడదు. గోడమీద గాంధీగారి పటం, దానికి నాన్నగారు స్వయంగా వడికిన నూలుదండ. చిన్నతనంలో గాంధీ అంటే నాకు తెలిసినది ఆ నిశ్శబ్దమే.

అందుచేత 2024 ఫిబ్రవరిలో, బ్రెజిల్ దేశపు సాల్వడార్ నగరంలో, కార్నివాల్ పండుగ రోజుల్లో వేలాది మంది మగవాళ్లు డోళ్లు మ్రోగిస్తూ ఆ పేరు చెప్పుకొని వీధిలోకి వచ్చినప్పుడు నాకు కలిగిన మొదటి భావం ఆనందం కాదు, చిరాకు. ఆ సంగతి ముందే ఒప్పుకుంటాను.

ఇంగ్లీషు సాహిత్యం చదువుకున్న నాకు ఇరవై ఏళ్లుగా అనువాదమే వృత్తి. అనువాదకుల సమావేశం ఒకటి ఆ నగరంలో జరిగితే వెళ్లాను. అది ముగిసేసరికి ఊరంతా పండుగలో మునిగిపోయింది. ఈస్టరుకు ముందు క్రైస్తవులు పాటించే నలభై రోజుల దీక్షకు ముందుగా వచ్చే ఉత్సవం ఇది. నేను బస చేసిన ఇంటి యజమానురాలు, ఉపాధ్యాయినిగా పదవీ విరమణ చేసిన పెద్దావిడ, "ఇప్పుడు వెళ్లిపోతే మా ఊరు చూడనట్టే" అని నన్ను ఆపేసింది.

సాల్వడార్ రెండు అంతస్తుల ఊరు. క్రింద రేవు, పైన కొండ అంచున పాతనగరం. ఆ రెంటినీ కలుపుతూ 1873లో ప్రారంభమైన లిఫ్టు నేటికీ జనాన్ని మోస్తూనే ఉంది. పోర్చుగీసువారు 1549లో స్థాపించిన ఈ నగరం 1763 వరకు బ్రెజిల్‌కు రాజధాని. చెరకు తోటల కోసం ఆఫ్రికా నుంచి ఓడల్లో తెచ్చిన లక్షలాది బానిసలు ఈ రేవులోనే దిగారు. పాతనగరంలోని ప్రధాన కూడలి పేరు పెలోరీన్యో. రంగురంగుల ఇళ్లు, బంగారు పూత పూసిన చర్చిలు ఉన్న ఆ చోటును 1985లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. పెలోరీన్యో అంటే బానిసలను కట్టి కొరడాతో కొట్టే స్తంభం. బ్రెజిల్‌లో బానిసత్వం రద్దయినది 1888లో. స్తంభం పోయింది, పేరు మిగిలింది.

మొదటి రెండు రోజులూ నేను విన్నది కేవలం హోరు. ఇంటి ఎత్తున్న లారీలు, వాటినిండా లౌడ్‌స్పీకర్లు, పైన గాయకులు. 1950లో దోదో, ఓస్మార్ అనే ఇద్దరు మిత్రులు ఒక పాత ఫోర్డు కారుమీద తంతివాద్యాలు అమర్చి ఊరేగిన నాటి నుంచి ఈ పద్ధతి మొదలైంది. లారీ చుట్టూ పెద్ద మోకు పట్టుకొని కూలీలు నడుస్తారు. డబ్బు కట్టి ప్రత్యేకమైన చొక్కా కొనుక్కున్నవారు మోకు లోపల, తక్కినవారు వెలుపల. వెలుపలి జనానికి అక్కడ ఒక ముద్దుపేరుంది: పేలాలు. నిజంగానే వేడి మూకుడులో పేలాల్లా ఎగిరిపడుతున్నారు. ఆ పేలాల్లో నేనూ ఒక గింజనై, చెవుల్లో దూది పెట్టుకొని, నాన్నగారు ఈ దృశ్యం చూస్తే ఏమనేవారో అనుకుంటూ నడిచాను.

ఆదివారం మధ్యాహ్నం ఇంటావిడ నన్ను పెలోరీన్యోకు తీసుకువెళ్లింది. అక్కడ వరండాల్లో ఆడవాళ్లు సూదీ దారమూ పట్టుకొని కూర్చున్నారు. వారి ముందు మగవాళ్లు బుద్ధిగా తలలు వంచి ఉన్నారు. తెల్లని తువ్వాలును తలచుట్టూ చుట్టి, మడతలు సర్ది, ముందు భాగాన నీలం రంగు పతకం నిలిపి, తలమీదనే కుట్టేస్తున్నారు. తలపాగా అన్నమాట. ఆ గుడ్డను చూపి పేరేమిటని సైగ చేశాను. "తోయాల్యా" అంది కుట్టే ఆవిడ. నాకు నవ్వు వచ్చింది. మన తువ్వాలు ఆ మాటనుంచి వచ్చినదే. ఒకే ఓడలవాళ్లు ఇటు ఒక మాటనూ అటు ఒక మాటనూ దించి వెళ్లారు.

"వీళ్లెవరు?" అని అడిగాను. "ఫీల్యోస్ జి గాంధీ" అంది ఇంటావిడ. గాంధీ పిల్లలు.

ఆ కథ ఆవిడ చెప్పగా విన్నాను, తరువాత చదివాను. 1948 జనవరి 30న గాంధీజీ హత్య జరిగింది. మరుసటి ఏడు, 1949 కార్నివాల్‌కు, ఈ రేవులో ఓడల సరుకు మోసే కూలీలు కొందరు ఒక బృందం కట్టాలనుకున్నారు. చేతిలో డబ్బు లేదు. కార్మిక సంఘాలమీద పోలీసుల కన్ను ఉంది. వావా మదైరా అని పిలువబడే కూలీ ఒకాయన శాంతికి గుర్తుగా గాంధీ పేరు పెడదామన్నాడు. దుప్పట్లు అంగీలయ్యాయి, తువ్వాళ్లు తలపాగాలయ్యాయి. పేరువల్ల పేచీ రాకుండా చివరి ఇంగ్లీషు అక్షరం 'ఐ' తీసి 'వై' పెట్టారట. ఆ అక్షరం నేటికీ అలాగే ఉంది. వారు కొలిచేది మాత్రం ఆఫ్రికా నుంచి బానిసలతో వచ్చిన కాందోంబ్లే దేవతలను. తెల్లపూస శాంతిదేవత ఓషాలాకు, నీలిపూస లోహాలకు అధిపతి ఓగుంకు. ఆ దేవతల ఆలయాలు 1976 వరకు పోలీసుల అనుమతి లేనిదే పూజలు జరుపుకోరాదు.

ఇదంతా విన్నాక కూడా నా చిరాకు పోలేదు. బోడితల గాంధీకి తలపాగా ఏమిటి? రాట్నమేది? పేరులో అక్షరదోషం కూడానా? అనువాదకురాలి అలవాటుకొద్దీ నా మనసు ఎర్రసిరా కలంతో తప్పులు దిద్దడం మొదలుపెట్టింది.

అప్పుడు నాన్నగారే గుర్తుకు వచ్చారు. 1893లో డర్బన్ న్యాయస్థానంలో మేజిస్ట్రేటు తలపాగా తీయమంటే యువకుడైన గాంధీ తీయకుండా బయటికి నడిచిపోయారని నా పదో ఏట ఆయనే కథగా చెప్పారు. కూలీ బారిష్టరు అని తెల్లవారు పిలిచిన ఆ మనిషికి తలపాగాయే ఆత్మగౌరవం. సముద్రానికి ఈవల రేవు కూలీలు దేన్ని పట్టుకోవాలో దాన్నే పట్టుకున్నారు. తప్పు వారిది కాదు, నా జ్ఞాపకానిది.

మరొక సంగతి కూడా చెప్పాలి. నా మొదటి అనువాదం అచ్చయినప్పుడు నాన్నగారు రెండు రోజులు కూర్చొని చదివి, "తప్పొక్కటీ లేదమ్మా. కాని ఇందులో ఎవరూ మాట్లాడటం లేదు" అన్నారు. నాకు ఎంత నొప్పి కలిగిందంటే, తరువాత వచ్చిన పదకొండు పుస్తకాల్లో ఒక్కటీ ఆయన చేతికి ఇవ్వలేదు. ఆయనా అడగలేదు. రెండేళ్ల క్రితం ఆయన పోయాక అలమార సర్దుతుంటే పదకొండూ కనిపించాయి, దుకాణంలో కొన్న రసీదులతో సహా.

సాయంకాలం ఊరేగింపు కదిలింది. ముందుగా ఎషూ అనే దేవతకు నైవేద్యం పెట్టారు. నాలుగుదారుల కూడలిలో ఉండి, దేవతలకూ మనుషులకూ నడుమ మాటలు చేరవేసేవాడట. అంటే నా వృత్తివాడే. ఆ తరువాత కొండవీధి నిండా తెలుపు. తెల్లని బట్టలు, నీలిపూసల దండలు, మధ్యలో ఏనుగు బొమ్మ, ఒంటె బొమ్మ, కళ్లజోడుతో గాంధీ వేషం వేసుకున్న ఒక సన్నని మనిషి. లారీల హోరు తరువాత వారి దరువు మెత్తగా వినిపించింది. జంటగంటల మ్రోత, దాని అడుగున డోళ్లు, ఎక్కడా తొందర లేదు. నాన్నగారి రాట్నానికి కూడా ఇటువంటి ఒక లయ ఉండేది. దాన్ని నిశ్శబ్దమనుకొని నేను ఇన్నాళ్లూ వినలేదు.

ఒక ముసలాయన వరస వదలి నా దగ్గరకు వచ్చాడు. "ఇండియా" అని ఇంటావిడ చెప్పగానే రెండు చేతులూ జోడించాడు. పెళ్లిలో పన్నీరు చల్లినట్టు సీసాలోని లావెండరు పరిమళం నా తలమీద చల్లి, తన మెడలోని పూసలదండ తీసి వేశాడు. అతడు పోర్చుగీసులో అన్న మాట నాకు అర్థం కాలేదు. ఇంటావిడను అడగలేదు కూడా. ఆ ఒక్కసారికి అనువాదం అక్కరలేదనిపించింది.

తిరిగి వస్తుంటే ఆ కుట్టే ఆవిడ ఖాళీ వరండాలో దారపు పోగులు ఊడుస్తోంది. మీరూ వెళ్లరా అని అడిగించాను. సూది ఆడిస్తూ నవ్వింది. ఈ బృందంలో మగవాళ్లే నడుస్తారట. నాకు అమ్మ కళ్లముందు నిలిచింది. నాన్నగారి ఖద్దరును అరవై ఏళ్లు ఉతికి, గంజిపెట్టి, ఇస్త్రీ చేసినది ఆవిడ. ఊళ్లో గాంధేయవాది అని పేరు మాత్రం ఒక్కరికే.

ఇంటికి చేరాక ఆ పూసలదండను అమ్మ చేతిలో పెట్టి కథంతా చెప్పాను. ఆవిడ దాన్ని వాసన చూసింది.

"గాంధీగారి పిల్లలంటున్నావు, నూలు వడుకుతారా?"

"లేదమ్మా, డోలు వాయిస్తారు."

అమ్మ కొంతసేపు ఆలోచించింది. "మీ నాన్నగారికి చప్పుడు గిట్టదే" అంటూనే లేచి, పీట వేసుకొని ఎక్కి, దండను నాన్నగారి పటానికి వేసింది. నేను లోపలికి వెళ్లి, సగంలో ఉన్న అనువాదం తీసి, మొదటి పేజీనుంచి పైకి చదవసాగాను, ఎవరైనా మాట్లాడుతున్నారేమో వినడానికి.